వెలివాడి కూతురి చేతి తులసి నీళ్లు

పాండురంగయ్య చావాలనే నేను కోరుకున్నాను. దాచేదేముంది? చల్లపల్లి దగ్గర మా ఊళ్లో సాలెవాళ్లకి ఆయన కులపెద్ద. అన్ని కులాల రోగులనూ ముట్టుకునే నర్సు చదువుకి నన్ను పంపాడని మా నాన్న వీరభద్రయ్యను వెలివేశాడు. పోయినేడు నాన్న పోతే పాడె మోయడానికి ఒక్క మగాడు మా గడప తొక్కలేదు. అమ్మా నేనూ ఎడ్లబండిలో వేసుకుని కాలవగట్టుకి తీసుకుపోయాం.

ఈ ఏటి కలరాలో అదే పాండురంగయ్యను బెజవాడ మిషనాసుపత్రికి మోసుకొచ్చారు. అదీ నా వార్డుకే.

మా టీచరు సంపూర్ణమ్మగారు అప్పుడే మాకు కొత్త పాఠం మొదలుపెట్టారు. పోయేవాడికి మందొక్కటే చాలదనీ, మనసుకేం కావాలో అడగాలనీ, అతని దేవుడి మాటే చెప్పాలి గాని మన దేవుణ్ణి అంటగట్టకూడదనీ అనేవారు. ఆ రోజు నా వంతు. మంచానికి అవతల నిలబడి ఆవిడ చూస్తున్నారు. పాండురంగయ్య కొడుకూ, ముగ్గురు కులపెద్దలూ రోగం అంటుకుంటుందన్న భయంతో కిటికీ బయటే ఉండిపోయారు.

ఏం కావాలని అడిగాను. తులసి నీళ్లూ, చెవిలో రామనామమూ కావాలన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పొయ్యనంటే నా చదువు పోతుంది. పోస్తే నాన్నకేం సమాధానం చెప్పను? అప్పుడు తట్టింది.

"నేను వీరభద్రయ్య కూతురు రావమ్మనండీ," అన్నాను, కిటికీ దాకా వినపడేట్టు. "మా చేతి నీళ్లు తాగినవాడూ వెలేనని మీరే తీర్పు చెప్పారు. పొయ్యమంటారా?"

ఆయన గుర్తుపట్టాడు. కిటికీ వైపు చూశాడు. కొడుకు వద్దు నాన్నా అన్నాడే గాని, తానొచ్చి పోస్తాననలేదు. ఆయన పెదాలు ఎండి పగిలిపోయాయి.

"పొయ్యమ్మా," అన్నాడు.

మూడుసార్లు పోశాను. రామనామం చెవిలో చెప్పాను. పాఠంలో ఒక్కటీ తప్పలేదు. బయట పెద్దలు కండువాలు దులుపుకుని వెళ్లిపోయారు. కొడుకు కాసేపు తటపటాయించి వాళ్ల వెనకే నడిచాడు. నేను పాండురంగయ్య మెడ కింద చెయ్యి వేసి, పోతున్న కొడుకు వీపు కనిపించేట్టు తల ఎత్తి పట్టుకున్నాను.

"ఇంక పడుకోబెట్టు రావమ్మా," అన్నారు సంపూర్ణమ్మగారు.

ప్రాణం పోయేదాకా దించలేదు.