పిండి గిన్నె పక్కన బంతి

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో శుక్రవారం సాయంత్రమైతే చాలు, తెలుగువాళ్ళ ఇళ్ళల్లో గ్రైండర్ల మోత మొదలవుతుంది. శనివారం ఇడ్లీ, ఆదివారం దోసె, మిగిలింది సోమవారానికి ఊతప్పం. రుబ్బడం పెద్ద పనేం కాదు, పులవడమే అసలు గండం. ఈ చలికి పిండి తెల్లారేసరికి పెట్టింది పెట్టినట్టే కూర్చునుండేది. ఓవెన్‌లో లైటు వేసి పెట్టేవాళ్ళు, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ రూములో దుప్పటి కప్పి పెట్టేవాళ్ళు, ఒకావిడైతే కారులో పెట్టి హీటరు కూడా వేసింది పాపం. ఇవన్నీ పాత బాధలు. ఇప్పుడు గిన్నె పక్కన కిరీటి విసిరిన బేస్‌బాల్ ఒకటి పెట్టి, రెండింటికీ కలిపి ఒక టవల్ చుట్టేసి, హాయిగా పడుకుంటున్నారు.

కిరీటి విశాలాక్షి కొడుకు. పన్నెండో క్లాసు చదువుతున్నాడు. ఊరి జట్టులో పిచ్చర్, అంటే బ్యాటు పట్టుకున్నవాడికి బంతి విసిరేవాడు. వాడు గట్టిగా విసిరిన బంతి వేడెక్కేది. ఎక్కిన వేడి ఇక దిగేది కాదు. అప్పుడే నలుగు పెట్టి స్నానం చేయించిన పసిబిడ్డ ఒళ్ళులా నెలల తరబడి వెచ్చగానే ఉండేది. రెండేళ్ళ కిందట మార్చిలో వాడొక బంతిని వంటింటి గట్టు మీద పడేసి పోతే, పక్కనున్న ఇడ్లీపిండి పొంగి గట్టంతా కారింది. "వీడి హస్తవాసి మంచిది" అనుకుని విశాలాక్షి గట్టు తుడుచుకుంది. పక్కింటి శ్యామల అది చూసి "మాకూ ఒకటి ఇప్పించండి వదినా" అంది. అంతే, ఎందుకు, ఎలా అని అడిగినవాళ్ళు లేరు. ఇడ్లీ దూదిలా వస్తుంటే ప్రశ్నలెవరికి కావాలి?

శ్యామల చెప్పింది ఇంకొకావిడకి, ఆవిడ ఇంకొకావిడకి. మెల్లగా విసిరితే లాభం లేదు, ఆ వేడి ఒక్క పూటకే దిగిపోతుంది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసరాలి. అందుకని గరాజులో గోడకి పాత పరుపొకటి కట్టారు. జట్టు కోచ్ మాత్రం మహా గట్టివాడు. ఆటలో ఎన్ని బంతులు వేశాడో రాసుకుని, దానికి తగినన్ని రోజులు చెయ్యి కదపనిచ్చేవాడు కాదు. పాపం ఆయన లెక్క మైదానం గేటు దగ్గరే ఆగిపోయేది. గరాజులో వేసినవాటిని లెక్కపెట్టే నాథుడే లేడు.

విశాలాక్షికి పుట్టుకతో వచ్చిన జబ్బొకటుంది, మొహమాటం. కుదరదు, లేదు, ఇవ్వను లాంటి మాటలు ఆవిడ నోట్లో పుట్టవు. ఎవరడిగినా "అయ్యో, దానికేం భాగ్యం" అనేస్తుంది. ఆ తర్వాత కొడుకు గది తలుపు దగ్గర నిలబడి, "ఆంటీవాళ్ళు అడిగారు నాన్నా, ఒక్కటి విసిరి పెట్టవా?" అంటుంది. వాడు "ఓకే, మామ్" అని హెడ్‌ఫోన్లు తీసి గరాజులోకి పోతాడు. ఒక్కటంటే ఒక్కటి కాదు, ఆ వేడి పట్టేదాకా మళ్ళీ మళ్ళీ విసరాలి.

ఏప్రిల్‌లో ఆటలు మొదలయ్యాయి. శనివారం పొద్దున మైదానం పక్క బెంచీల మీద మనవాళ్ళ సభ కొలువు తీరుతుంది. వీరభద్రం కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, శ్యామల మొగుడు. కాకినాడలో ఉండగా జిల్లా జట్టుకి ఫాస్ట్ బౌలింగ్ చేశానని ఆయన చెప్పుకోవడమే గానీ చూసినవాళ్ళు లేరు. రవిశంకర్ హైదరాబాదు నుంచి టెక్సాస్ మీదుగా వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి. ఫోన్లో బంతి వేగం కొలిచే యాప్ పెట్టుకుని కూర్చుంటాడు. చలికి ఇద్దరూ చేతులు జాకెట్ జేబుల్లో దోపుకుంటారు. ఆ జేబుల్లో తలా ఒక కిరీటి బంతి, చేతులు కాచుకోవడానికి.

"ఎనభై ఆరు" అన్నాడు రవిశంకర్ ఫోను చూసి. "పోయినేడు ఈ టైముకి తొంభై మైళ్ళు కొట్టిండు. ఏదో తేడా ఉందన్నా."

"తేడా లేదు, గీడా లేదు. గాలి ఎదురు కొడుతోంది, కనపడట్లేదూ?" అన్నాడు వీరభద్రం.

"గాలి కాదన్నా, మోచెయ్యి. విసిరినాక ఎట్ల దులుపుతున్నడో చూడు."

"అది స్టైలయ్యా బాబూ! మా రోజుల్లో నేనూ అలాగే దులిపేవాణ్ణి."

"స్టైల్ కాదు, స్టామినా ప్రాబ్లం. తరతరాలుగా పప్పన్నం తిన్న బాడీలు మనవి. ఈ ఆటకి ఆగవు. విండ్సర్‌లో ఎట్ల చేస్తడో ఏమో."

విండ్సర్ సంగతి అందరికీ తెలుసు. మే మొదటి శనివారం, అంటే వచ్చే వారమే, అక్కడొక పెద్ద పోటీ. నది మీది సరిహద్దు వంతెన దాటి అమెరికా కాలేజీల కోచ్‌లు వస్తారు, నచ్చినవాణ్ణి తీసుకుపోతారు. కిరీటిని చూడ్డానికే ఒకాయన వస్తున్నాడు. చదువులో వాడు అంతంతమాత్రం. వాడికున్నదల్లా ఆ చెయ్యే, వాడు చిన్నప్పటినుంచీ కోరుకున్నదీ అదొక్కటే.

"గుడ్లు పెట్టండి వదినా" అంది శ్యామల, విశాలాక్షి పక్కకి జరిగి. "పెరుగన్నంతో పిల్లాడు ఎన్నాళ్ళు లాగుతాడు? అన్నట్టు, మా బంతి కొంచెం డల్ అయినట్టుంది. విండ్సర్ ఆట మర్నాడే మా అమ్మాయి స్వీటీకి సీమంతం. బోలెడుమందిని పిలిచాం. కొత్తవి రెండు విసిరించరూ?"

"అయ్యో, దానికేం భాగ్యం" అంది విశాలాక్షి.

మర్నాడు కిరీటి గరాజులోకి వెళ్ళాడు. చాలాసేపు పరుపు మీద ధబ్ ధబ్ అని చప్పుడు వినిపించింది. ఒక బంతి తెచ్చి గట్టు మీద పెట్టి, "వన్ ఈజ్ ఇనఫ్, మామ్?" అన్నాడు. ముఖంలో రక్తం లేదు. శ్యామల వచ్చి ఆ బంతి పట్టుకుపోయింది. ఆ పూటే ఇంట్లో పిండి కోసమని వాడింకొకటి విసిరి ఉంచాడు. సోమవారం పొద్దున విశాలాక్షి టవల్ విప్పి చూస్తే పిండి ఇంచీ కూడా లేవలేదు. బంతి పట్టుకుంటే కుళాయి నీళ్ళంత చల్లగా ఉంది.

అప్పుడు తలెత్తి చూసింది. బల్ల దగ్గర కొడుకు స్పూను పట్టుకుని ఎడంచేత్తో అన్నం తింటున్నాడు.

"ఎడంచేత్తో తింటున్నావేంట్రా?"

"ఇట్స్ నథింగ్."

ఆవిడ వాడి కుడిచెయ్యి పట్టుకుని చాపబోయింది. చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. మోచెయ్యి మంచు ముక్కలా ఉంది. అన్ని ఇళ్ళల్లో పొంగిన పిండీ, అన్ని జేబుల్లో కాగిన చేతులూ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా వెతికి, ఫర్నేస్ వెనక పడి ఉన్న రెండేళ్ళనాటి బంతి ఒకటి పట్టుకొచ్చి వాడి మోచేతికి ఆనించింది. కాసేపటికి బంతి చల్లబడింది. వాడు చెయ్యి మెల్లగా ఇంకొంచెం చాపి, "దట్ ఫీల్స్ గుడ్" అన్నాడు.

ఇక చెప్పాల్సిందేముంది? వాడి వేడి వాడికి తిరిగి రావాలి, శనివారం లోపల.

మొగుడు విష్ణు ట్రక్కు వేసుకుని విన్నిపెగ్ దారిలో ఉన్నాడు. ఫోన్లో అంతా విని, "వెళ్ళి అడిగేయవే, మనవే కదా" అన్నాడు. అడగడం ఆయనకి తేలిక. విశాలాక్షి శ్యామలింటికి వెళ్ళి, టీ తాగి, సీమంతం చీర బాగుందని చెప్పి, నోరు పెగలక తిరిగొచ్చింది. గుమ్మం దాకా వచ్చి తనని తాను తిట్టుకుని మళ్ళీ వెళ్ళింది.

"బంతా? అయ్యో వదినా, ఆదివారమే కదా సీమంతం! ఇప్పుడు తీసుకుపోతే నా పరువేం కావాలి? సోమవారం నేనే తెచ్చిస్తా, ఒట్టు."

"వాడి చెయ్యి బాగాలేదు వదినా..."

"కుర్ర చెయ్యి, దానికేమవుతుంది? మీరు మరీ బెంబేలు పడిపోతారు" అని శ్యామల డబ్బాలో జంతికలు పెట్టిచ్చింది.

రవిశంకర్ ఇంట్లో బంతి పెరుగు గిన్నె పక్కన ఉంది. "వేడి పెట్టొద్దక్కా, తప్పు. ఐస్ పెట్టాలె. ఆర్టికల్ ఫార్వర్డ్ చేస్తా చదువుండ్రి" అన్నాడు. బంతి మాత్రం కదల్లేదు. ఇంకో ఇంట్లో అత్తగారు దిగారు, మరో ఇంట్లో గృహప్రవేశం. ఒకావిడ బంతి ఎక్కడ పెట్టిందో గుర్తులేదంది. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ పక్కన టవల్ చుట్టిన గిన్నె కనిపిస్తూనే ఉంది. విశాలాక్షి అందరికీ "పర్లేదండీ" అంది. కారులో కూర్చుని ఏడ్చింది.

అడగ్గానే ఇచ్చింది దీక్షిత్‌వాళ్ళొక్కరే. కాలేజీలో చదువుతూ గిడ్డంగుల్లో పార్ట్‌టైం చేసుకునే పిల్లలు, బేస్‌మెంటు గదిలో వరసగా పరుపులు వేసుకుని పడుకుంటారు. హీటరు సరిగ్గా లేని ఆ గదిలో మధ్యన నాలుగు బంతులు పెట్టుకుని చలి కాచుకుంటున్నారు. "కిరీటికా ఆంటీ? తీస్కపోండ్రి" అని దీక్షిత్ నాలుగూ సంచిలో వేసి, మెట్లెక్కి కారు దాకా తెచ్చిచ్చాడు. తిరిగి వెళ్తూ స్వెటర్ జిప్పు మెడ దాకా లాక్కున్నాడు.

ఆ నాలుగింటినీ ఒకదాని తర్వాత ఒకటి మోచేతికి కట్టింది. శుక్రవారానికి వాడి చెయ్యి నిటారుగా చాపడానికొచ్చింది. కానీ వేళ్ళ చివర్లు ఇంకా చల్లగానే ఉన్నాయి.

"ఈసారికి మానేద్దామా నాన్నా?"

"మామ్, హీ ఈజ్ కమింగ్ టు సీ మీ. జస్ట్ వన్ గేమ్. ప్లీజ్."

వద్దనాలి. ఆవిడకి తెలుసు, ఒళ్ళంతా తెలుసు. వాడి ముఖం చూస్తే మాట రాలేదు. కన్న కొడుకు దగ్గర కూడా ఆ జబ్బు ఆవిణ్ణి వదల్లేదు.

విండ్సర్‌కి మూడు కార్లలో వెళ్ళారు మనవాళ్ళు. డబ్బాల్లో ఇడ్లీలు, ఫ్లాస్కుల్లో సాంబారు. నది మీంచి గాలి కోసేస్తోంది. కిరీటి మొదటి బంతి విసరగానే రవిశంకర్ లేచి నిలబడ్డాడు. "తొంభై రెండు! అన్నా, తొంభై రెండు!"

"నేను చెప్పలా? గాలి అని చెప్పలా?" వీరభద్రం బెంచీ ఎక్కేశాడు. "మన రక్తమయ్యా అది!"

అమెరికా నుంచి వచ్చినాయన టోపీ వెనక్కి తోసి కంచె దగ్గరికి జరిగాడు. వరసగా ముగ్గురు బ్యాటర్లు బిక్కమొహం వేసి వెళ్ళిపోయారు. మొదటి విడత ముగిసి, కిరీటి నవ్వుతూ బయటికొచ్చాడు. వాడు అలా నవ్వి ఎన్నాళ్ళయిందో! విశాలాక్షి కంచె సందులోంచి వాడి చెయ్యి పట్టుకుంది. నాలుగు బంతుల వేడిలో ఇక మిగిలింది కొంచెమే.

ఆవిడ పరుగున బెంచీల దగ్గరికొచ్చింది. "అన్నయ్యగారూ, మీ జేబులో బంతి ఒక్కసారి ఇస్తారా? కాసేపు వాడి మోచేతికి పెడతాను."

"ఈ గాలిలోనా చెల్లెమ్మా? వేళ్ళు కొంకర్లు పోతున్నాయి" అన్నాడు వీరభద్రం, జేబులోంచి చెయ్యి తియ్యకుండా. "ఆట అవనీ, ఇచ్చేస్తా. వాడికేం, పులిపిల్లలా ఉన్నాడు!"

రవిశంకర్ ఫోనులోంచి తలెత్తలేదు. విశాలాక్షి నిలబడే ఉంది. ఆ జేబులో చెయ్యి పెట్టి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు.

రెండో విడతలో మూడో బంతికి టప్‌మని చప్పుడైంది, పుల్ల విరిచినట్టు. కిరీటి మోకాళ్ళ మీద కూలబడి చెయ్యి కడుపులో దాచుకున్నాడు. ఆ బంతి దొర్లుకుంటూ కంచె కిందకి వచ్చింది. విశాలాక్షి తీసి చూసింది, అది ఐసుగడ్డలా ఉంది. అమెరికా ఆయన టోపీ సరిచేసుకుని పక్క మైదానం వైపు వెళ్ళిపోయాడు.

మోచేతి ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు తెగిందన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేస్తే రాసుకుంటాడు, తింటాడు, స్టీరింగ్ పట్టుకుంటాడు. ఇదివరకటిలా విసరడం మాత్రం మర్చిపొమ్మన్నారు. వెనక్కి వచ్చేటప్పుడు మన సభ కారులోనే మళ్ళీ మొదలైంది. స్టామినా లేదని తను ముందే చెప్పానన్నాడు రవిశంకర్. తల్లి గారాబం చేసిందన్నాడు వీరభద్రం. ఇడ్లీలు మాత్రం భలే మెత్తగా ఉన్నాయని ఇద్దరూ ఒప్పుకున్నారు.

సోమవారం పొద్దున శ్యామల వచ్చింది, ఒక చేతిలో సీమంతం స్వీట్లు, ఇంకో చేతిలో బంతి. "సోమవారం అన్నాను, సోమవారమే తెచ్చా వదినా. మాటంటే మాటే."

విశాలాక్షి బంతి తీసుకుని సోఫాలో కొడుకు పక్కన కూర్చుంది. పట్టీ మీంచి మోచేతికి ఆనించి పట్టుకుంది. శ్యామల కూడా ఎదురుగా కూర్చుని చూసింది. బల్ల మీది టీ చల్లారింది. బంతి మాత్రం చల్లారలేదు, ఎలా వచ్చిందో అలాగే వెచ్చగా ఉంది. ఆ చెయ్యి ఇక దేన్నీ తీసుకోవడం లేదు.

"ఎక్కట్లేదు కదా వదినా" అంది శ్యామల కాసేపటికి, గొంతు తగ్గించి. "ఊరికే ఇక్కడుండి ఏం లాభం? మా ఇంట్లో చుట్టాలింకా ఉన్నారు. శుక్రవారం పిండికి తీసుకెళ్ళనా?"

"ఇవ్వను" అంది విశాలాక్షి.

విశాలాక్షికే ఆ గొంతు ఎవరిదో అనిపించింది. "ఇవ్వను. ఇంకెవ్వరికీ ఇవ్వను" అంది మళ్ళీ, బంతిని రెండు చేతులతో ఒళ్ళోకి అదుముకుని.

అప్పటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తున్న కిరీటి తల తిప్పాడు. తల్లి ముఖంలోకి చూశాడు. ఊహ తెలిసినప్పటినుంచీ ఇంట్లో ఇంగ్లిషులోనే జవాబు చెప్పే పిల్లాడు.

"ఇప్పుడా అమ్మా?" అన్నాడు.