రహీమున్నిసా దరఖాస్తు

కరాచీ నుంచి పెళ్లికూతురిగా బాన్సువాడకు వచ్చినప్పుడు రహీమున్నిసాకు పంతొమ్మిదేళ్లు. మేనత్త కొడుకు లియాఖత్‌కు ఇచ్చి చేశారు. అతనిది బజార్లో గాజుల దుకాణం. అది జరిగి ఇరవై తొమ్మిదేళ్లయింది. ఈలోగా ఆమె ఇక్కడి తెలుగు నేర్చుకుంది, పక్కింటి పోసవ్వ దగ్గర కూర్చుని జాకెట్లు కుట్టడం నేర్చుకుంది, కొడుకు అర్షద్‌ను పెంచి పెళ్లి చేసింది. కరాచీలో అమ్మానాన్నలు ఒకరి వెనక ఒకరు పోతే రెండుసార్లూ ఫోనులోనే ఏడ్చింది. పౌరసత్వానికి రెండుసార్లు పెట్టుకుంటే రెండుసార్లూ ఏదో ఒక కాగితం తక్కువైంది. అందుకని లాంగ్ టర్మ్ వీసా మీదే ఉంటూ, గడువు దగ్గరపడినప్పుడల్లా పొడిగించమని దరఖాస్తు పెట్టుకుంటూ, అది వచ్చాక ఊపిరి పీల్చుకుంటూ నెట్టుకొచ్చింది.

ఏప్రిల్‌లో కశ్మీర్‌లో పర్యాటకులను కాల్చి చంపారన్న వార్త వచ్చింది. అందరిలాగే ఆమె కూడా టీవీ ముందు కూర్చుని, భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ల ముఖాలు చూసి కళ్లు తుడుచుకుంది. మర్నాడు సాయంత్రానికల్లా పాకిస్తాన్ వాళ్లు దేశం విడిచిపోవాలన్న మాట టీవీలో తిరగడం మొదలైంది. గడువు ఆదివారం. లాంగ్ టర్మ్ వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదని కింద చిన్న అక్షరాల్లో వస్తుంటే అర్షద్ ఆ ముక్క రెండుసార్లు చదివి వినిపించాడు.

"మనకు కాదు అమ్మీ, పరేషాన్ కాకు."

ఆమె తలూపింది. కానీ తెర మీద సరిహద్దు గేటు దగ్గర ఒకామె పసిపిల్లను భర్త చేతికిచ్చి, వెనక్కి చూసుకుంటూ నడిచిపోతోంది. లియాఖత్ లేచి టీవీ కట్టేశాడు.

శుక్రవారం పొద్దున కానిస్టేబుల్ వచ్చి, కాగితాలన్నీ పట్టుకుని స్టేషన్‌కు రమ్మన్నాడు. ముగ్గురూ వెళ్లారు. ఎస్సై కుర్చీ వేయించాడు, గొంతు పెంచలేదు. వీసా కాగితం తిప్పి చూసి, "గడువు పోయిన ఆగస్టులనే అయిపోయింది గదమ్మా" అన్నాడు.

"పొడిగించుమని దరఖాస్తు పెట్టుకున్న సార్. గడువు దాటకముందే పెట్టిన" అంటూ రసీదు ఇచ్చింది.

ఎస్సై దాని మీది నంబరు అర్షద్‌కు చదివి, ఫోనులో కొట్టి చూడమన్నాడు. అర్షద్ కొట్టాడు. కాసేపటికి ఫోను ఎస్సై వైపు తిప్పాడు.

"క్లోజ్డ్ అని వస్తుంది సార్."

దరఖాస్తు మూసేశారు. జవాబు రాలేదు కనుక మూసేశామని కింద ఒక లైను ఉంది. దేనికి జవాబు, ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు? వాళ్లింటికి ఒక ఉత్తరం రాలేదు, ఒక ఫోను రాలేదు. రహీమున్నిసా రసీదును మళ్లీ తీసుకుని చూసింది. అందులో ఈమెయిల్ అన్నచోట ఉన్నది తమది కాదు. ఆ దరఖాస్తు నింపిన నెట్ సెంటర్ సేవ్యాది. ఆమెకు మెయిల్ లేకపోతే అతనే తనది రాసి, నెలకోసారి చూసి చెప్తానన్నాడు. ఆ సెంటర్ సంక్రాంతికి ముందే మూతపడింది.

బయటికి రాగానే లియాఖత్ మెట్ల మీదే కూలబడ్డాడు. మద్నూర్‌లో ఉన్న తమ్ముడికి ఫోను చేసి మాట్లాడి, భార్య వైపు తిరిగి దక్కనీ ఉర్దూలో గొంతు తగ్గించి అన్నాడు.

"ఇప్పుడే బయల్దేరి రమ్మంటున్నాడు. అక్కణ్ణుంచి మహారాష్ట్ర ఎంత దూరమని? పది రోజులు కనబడకుండా ఉంటే ఈ గొడవ చల్లారుతుంది."

"నేనేం దొంగతనం చేశానని దాక్కోవాలి?" అంది ఆమె. "ఇవాళ దాక్కుంటే రేపు ఏ దరఖాస్తు పెట్టినా ఎవరు నమ్ముతారు? ముందు సేవ్యా ఎక్కడున్నాడో కనుక్కో అర్షద్."

మాట గట్టిగానే వచ్చింది గానీ, మడిచిన కాగితాలనే విప్పి మళ్లీ మడిచింది.

సేవ్యా బిచ్కుంద దగ్గర వడ్ల కొనుగోలు కేంద్రంలో పనిచేస్తున్నాడని తెలిసింది. ఆమె మళ్లీ స్టేషన్ లోపలికి వెళ్లి, ఎక్కడికి పోతున్నదీ ఎందుకు పోతున్నదీ ఎస్సైకి చెప్పింది. "కొడుకును తోడు తీస్కపో. ఆరు గొట్టక ముందే వచ్చి కనపడు" అన్నాడాయన.

కొనుగోలు కేంద్రంలో ఎటు చూసినా వడ్ల కుప్పలు, వాటి మీద టార్పాలిన్లు. సేవ్యా ఒక బస్తా మీద కూర్చుని రైతుల ఆధార్ నంబర్లు ట్యాబ్‌లో ఎక్కిస్తున్నాడు. ఆమెను గుర్తుపట్టి లేచాడు. విషయం వినగానే జేబులోంచి ఫోను తీసి, పాత మెయిల్ తెరిచి, వేలితో పైకీ కిందికీ జరిపాడు. ఒకచోట వేలు ఆగిపోయింది.

"జనవరిల వచ్చిందమ్మా" అన్నాడు మెల్లగా. "పెండ్లి కాయితం, గా నికానామా కాపీ సాఫ్‌గా కనపడ్తలేదు, ముప్పై రోజులల్ల మళ్ల పంపుమని. అప్పుడు నేను సెంటర్ బందు పెట్టే తిప్పల్ల ఉన్న. తప్పు నాదే. కొట్టుర్రి, తిట్టుర్రి."

అర్షద్ అతని అంగీ పట్టుకోబోతే ఆమె మధ్యలోకి వచ్చింది. తిట్టాలని ఆమెకూ ఉంది. ఆ ముప్పై రోజులూ తను ఇంట్లో కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ ఉంది. బీరువా తెరిచి ఒక్క కాగితం ఇస్తే సరిపోయేది. అడిగినట్టు కూడా తెలియలేదు.

"తిడితే ఏమొస్తది సేవ్యా? ఇప్పుడు కొత్తది నింపాలె. నడువు."

బిచ్కుందలో సేవ్యాకు తెలిసినవాళ్ల నెట్ సెంటర్‌లో ముగ్గురూ కూర్చున్నారు. ఈసారి అర్షద్ మెయిల్, అర్షద్ నంబరే రాయించింది. నికానామా పాతది, మడతల దగ్గర ముద్ర అరిగిపోయింది. దాన్ని వెలుతురు కింద అటూ ఇటూ తిప్పి నాలుగుసార్లు స్కాన్ చేశారు. సగం నింపాక పేజీ తెల్లబడిపోయింది. మళ్లీ మొదటి నుంచి. తండ్రి పేరు, పుట్టిన ఊరు, ఇండియాకు వచ్చిన తేదీ. "పాకిస్తాన్‌లో ఉన్న బంధువులు" అన్నచోట ఆమె తమ్ముడి పేరు చెప్పి ఆగిపోయింది. ఆరేళ్లుగా వాడి నుంచి ఫోను లేదు. రేపు నిజంగానే ఆ గేటు దాటించి వదిలేస్తే ఎవరి తలుపు కొట్టాలి? తలుపు తీసినవాళ్లకు తనెవరని చెప్పుకోవాలి? సేవ్యా తలెత్తకుండా, "అడ్రస్ చెప్పు అమ్మా" అన్నాడు. పాత అడ్రసే చెప్పింది.

నాలుగు దాటాక దరఖాస్తు వెళ్లింది. కొత్త నంబరు, కొత్త రసీదు. ఆరు కొట్టకముందే బాన్సువాడ స్టేషన్‌లో కనబడి, రసీదు కాపీ ఒకటి ఇచ్చి ఇంటికి చేరింది.

శనివారం లియాఖత్‌తో కలిసి కామారెడ్డి. జిల్లా పోలీసు ఆఫీసులో విదేశీయుల కాగితాలు చూసే అధికారి పేరు రాధాకుమారి. ప్రతి కాగితం నిదానంగా చదివి, కాపీలు తీసుకుని, ఆమె చేతిలోని కాపీ మీద ముద్ర వేసి ఇచ్చింది.

"మేడమ్, నేను ఉంటనా, పోతనా? అదొక్కటి చెప్పుర్రి" అని అడిగింది రహీమున్నిసా.

"అది నా చేతుల లేదమ్మా. నేను ఉన్నది ఉన్నట్టు రాసి పంపుత. పై నుంచి ఏమొస్తే అది."

"ఇంకా ఏమన్న కాయితం కావాల్నా? ఎక్కడికన్న పోవాల్నా? చెప్పుర్రి, ఇప్పుడే పోత."

"ఏం లేదు. నువ్వు చేసేది అంత చేసినవ్. ఇగ ఇంటికి పోయి ఉండు."

మంచిగానే చెప్పింది ఆ మాట. అయినా రెండు రోజులుగా విననంత కష్టమైన మాట అదే అనిపించింది రహీమున్నిసాకు. నిన్నటి నుంచి బస్సులు, లైన్లు, స్కాన్లు అంటూ కాళ్లకూ చేతులకూ పని ఉంది. ఇప్పుడు అదీ లేదు. తిరుగు బస్సులో లియాఖత్ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. పదిమందిలో అట్లా పట్టుకోవడం అతనికి అలవాటు లేదు.

ఆదివారం ఇంట్లో పొయ్యి వెలిగించారు గానీ ఎవరూ సరిగ్గా తినలేదు. కోడలు రుబీనా అత్త చుట్టూనే తిరిగింది. మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చి, ఆమెను గుమ్మం ముందు నిలబెట్టి ఫోటో తీసుకుని, "ఉన్నట్టు పంపాలె, అంతే" అని వెళ్లిపోయాడు. సాయంత్రమైంది. గడువు దాటింది. ఎవరూ రాలేదు. ఉండమనీ చెప్పలేదు, పొమ్మనీ చెప్పలేదు.

మే వచ్చింది, జూన్ వచ్చింది. పోలీసులు చెప్పినట్టు ప్రతి సోమవారం స్టేషన్‌కు వెళ్లి సంతకం పెట్టి వస్తోంది. అర్షద్ గంటగంటకూ నంబరు కొట్టి చూస్తుంటే, "పొద్దున ఒక్కసారి చూడు బేటా, చాలు. మెయిల్ మాత్రం వదలకు" అంది. పొద్దున చూస్తాడు. విచారణలో ఉందని వస్తుంది. ఫోను జేబులో పెట్టుకుని పనికి పోతాడు.

జూన్ ఆఖరులో మద్నూర్ మరిది కూతురి పెళ్లి. ఆ పిల్ల పెళ్లిబట్టలు కుట్టింది రహీమున్నిసానే. స్టేషన్‌లో అడిగితే, ఫైలు తేలేదాకా ఊరు దాటకపోవడమే మంచిదన్నారు. లియాఖత్ తానూ ఆగిపోతానన్నాడు. ఆమె వినలేదు, భర్తనూ కొడుకునూ కోడలినీ పంపింది. తోడుగా పోసవ్వ వచ్చి చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది.

"గా కాయితం ఎప్పుడొస్తదట బిడ్డా?"

"తెల్వదు అవ్వా."

"వచ్చేదాక గిట్లనేనా?"

"గిట్లనే."

అప్పుడు సందు మొదట్లో జీపు ఆగిన చప్పుడైంది. పోసవ్వ గింజలు తీయడం ఆపి సందు వైపు చూసింది. జీపు తలుపు తెరుచుకుంది, ఎవరో దిగారు, ఏదో ఇంటి నంబరు అడిగారు. తర్వాత తలుపు పడిన చప్పుడు, జీపు ముందుకు పోయిన చప్పుడు.

పోసవ్వ తల తిప్పి చూసేసరికి రహీమున్నిసా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు తొడుక్కుందో, కాళ్లకు చెప్పులున్నాయి.

"కూసో బిడ్డా. పోయిండ్రు."

ఆమె వచ్చి కూర్చుంది. చెప్పులు విడవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.