రొట్టెల లెక్క

నాలుగొందల నలభై నాలుగు రొట్టెలు చేయాలట. లాప్‌టాప్ ఏ మాత్రం మొహమాటం లేకుండా చెప్పేసింది. పెంక మీద రొట్టె మాడుతున్న వాసన వస్తున్నా నిరోష ఆ అంకెనే చూస్తూ నిలబడిపోయింది.

ఆన్‌లైన్‌లో తెలుగులో చెప్పే పైథాన్ పాఠాలు వింటోంది. మీ ఇంటి పని ఏదైనా తీసుకుని చిన్న ప్రోగ్రాం రాయమన్నారు. ఆమెకు ఇంటిపనులకేం కరువు? తినేవాళ్లు ఎంతమందో అడిగి, మనిషికి మూడు చొప్పున ఎన్ని రొట్టెలు కావాలో చెప్పేలా రాసింది. నాలుగు అని కొడితే ఆ మాయదారి యంత్రం గుణించడం మానేసి, మూడు నాలుగులను పక్కపక్కన పేర్చి మొహాన పడేసింది.

మొగుడు శ్రవణ్ కుమార్ రోజూ తెలకపల్లి నుంచి నాగర్‌కర్నూల్ పోయి ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే సారు. ఇంట్లో గురువును పెట్టుకుని ఊరంతా తిరగడమెందుకని ఒకసారి అడిగింది. "జర ఇది చూడుండ్రి" అంటే, "రొట్టెలు కాల్చినంత ఈజీ గాదే ఇది. డిగ్రీ చదివినవ్, గీ మాత్రం తెల్వదా?" అన్నాడు. రొట్టె కాల్చడం ఈజీ అని ఆయనకెవరు చెప్పారో, జన్మలో ఒక్కటి చేసిన పాపాన పోలేదు. ఆమెకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఏ డౌటొచ్చినా లోపలే మింగేసింది.

ఆ రోజు మింగలేకపోయింది. ఆయన స్నానానికి పోయాడు, ఫోను వంటింట్లో చార్జింగులో ఉంది. ఆ పాఠాలు వినేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన కూడా ఉన్నాడు, డౌట్లు తీర్చే సార్లలో ఒకడిగా. ఆడపేరు మీద అడిగితే ఎవరు పట్టించుకుంటారు, సారు పేరు మీదైతే వెంటనే చెప్తారనుకుంది పిచ్చిది. ఆ ఫోనుతోనే తెరను ఫోటో తీసి, "ఇట్లెందుకు వస్తుంది?" అని పెట్టేసింది. ఫోటోలో పిండి గిన్నె, గాజుల చెయ్యి కూడా పడ్డాయని చూసుకోలేదు.

అందరూ తినడానికి కూర్చున్నాక ఫోను మోగడం మొదలైంది. శ్రవణ్ చూశాడు. కాలేజీలో ఆయనతో పనిచేసే కురుమూర్తి సారు రాశాడు: "సార్, ఇంట్ల దావతా? గన్ని రొట్టెలా! గాజులెప్పటి సంది ఏస్తున్నరు?" దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

"ఇజ్జత్ తీసినవ్ గదనే! ఇప్పుడు కాలేజిల మొకమెట్ల చూపియ్యాలె?" అన్నాడు నిరోషతో.

"ఇంటిపని సక్కగ చేసుకోక, గా డబ్బతోని ఏం పనే నీకు?" అంది అత్త సావిత్రమ్మ. మామ తలెత్తకుండా కూర వేయమన్నాడు. మరిది దినేష్ నవ్వాపుకోలేక పొలమారాడు. నిరోష సిగ్గుతో చచ్చిపోయింది. గరిటె పట్టుకున్న చేతికి గాజులున్నందుకు కూడా సిగ్గేసింది.

శ్రవణ్ గ్రూపులో రాస్తూ పైకే చదివాడు: "మా ఇంటోల్లు తెల్వక పెట్టిండ్రు. ఏమనుకోకుండ్రి." నలుగురి ముందు పెళ్లాం పేరెత్తే అలవాటు లేదాయనకు. ఆ మాత్రం కాచాడులే అనుకుంది ఆమె ఆ క్షణాన.

ఆయన చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు, పీట పక్కనున్న ఫోనులో ఇంకో మెసేజ్ వెలిగింది. శ్రుతి అనే ఎవరో అమ్మాయి రాసింది, నిరోష గబగబా చదివేసింది. "నవ్వేదేముంది? మొదట్ల అందరం గిదే తప్పు చేసినం. మనం అంకె కొట్టినా అది అక్షరం లెక్కనే తీసుకుంటది. ముందు దాన్ని అంకెగ మార్చుమనాలె, ఇంట్ అని రాసి. మేడమ్‌కు చెప్పుండ్రి సార్." సారు చూశాడు, చెప్పలేదు. ఫోను జేబులో వేసుకుని పోయాడు.

ఇల్లు ఖాళీ అయ్యాక ఆమె ఆ ఒక్క మాట చేర్చి, మళ్లీ నాలుగు కొట్టింది. పన్నెండు వచ్చింది. గెలిచినంత సంబరపడింది. రోజూ తను వడ్డించేవీ పన్నెండే కదా. అత్తకు, మామకు, ఆయనకు, దినేష్‌కు.

అక్కడ ఆగిపోయింది. పొయ్యి పక్కన ఇందాకటి మాడిన రొట్టె ఉంది. రోజూ మాడిందో విరిగిందో అంట్ల మధ్య నిలబడి తినేస్తుంది. నాలుగు అని కొట్టినవి ఆమె వేళ్లే. అత్త చెప్పలేదు, మొగుడు చెప్పలేదు. తినేవాళ్లలో తనను తనే కలపలేదు. ఇందాక నలుగురూ నవ్వినప్పుడు కలిగిన సిగ్గు దీని ముందు ఏపాటిది? ఈ తప్పుకు గ్రూపులో ఎవరూ నవ్వలేదు. అసలది తప్పని ఎవరికీ తోచలేదు.

ఐదు కొట్టింది. పదిహేను వచ్చింది.

మాడిన రొట్టె బయట కుక్కకు వేసింది. పిండి కలిపి మూడు రొట్టెలు చేసుకుని, పీట వాల్చుకుని కూర్చుని తింది. ఆ తర్వాత పాఠం కింద ఇచ్చిన లింకు నొక్కి, తన ఫోను నుంచి గ్రూపులో చేరింది. సిగ్గు పోలేదు. అయినా రాసింది:

"పొద్దున రొట్టెల లెక్క అడిగింది నేనే. నా పేరు నిరోష. ఇంకో డౌటుంది."