రాశానన్న సర్వర్

"నీ సర్వర్ మా తాతకంటే నిదానమయ్యా," అంది స్మరాండా. "ఆయన పోయి ఇరవై ఏళ్లయింది."

హొరాత్సియు నవ్వలేదు. తిమిషోవారా నగరంలోని ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో కంప్యూటర్లన్నీ అతని బాధ్యత. కణితి ముక్కల్లోని జన్యువుల్ని చదివే యంత్రం స్మరాండాది. చదివినదాన్ని యంత్రం కొంచెం కొంచెంగా అతని సర్వర్‌కి పంపుతుంది. సర్వర్ దాన్ని డిస్కు మీద రాసి "రాశాను" అని చెప్పేదాకా యంత్రం ఆగుతుంది. అలా ఆగీ ఆగీ సోమవారం ఒక పరీక్ష మధ్యలోనే చెడింది. ఏడేళ్ల పాప ఇలింకా మెదడు కణితిది. ఇక ఒక్కసారికి సరిపడా ముక్కే మిగిలింది.

"ఇదీ పోతే ఆ పిల్ల తల మళ్లీ తెరవాలి. ఏదో ఒకటి చెయ్యి."

"రేపు పరిగెడుతుంది చూడండి."

సర్వర్ సెట్టింగుల్లో ఒక్క మాట మార్చాడు. ఇక సర్వర్ డిస్కు మీద రాయకముందే, సమాచారం అందగానే "రాశాను" అంటుంది. ఆ సందులో కరెంటు పోతే ఏమవుతుందో అతనికి తెలుసు. తెలుసుననే సంగతి లోపల ఎక్కడో కుర్చీ వేసుకుని కూర్చుంది. అతను దానివైపు చూడలేదు. ఇవాళ చేతకానివాడిలా నిలబెట్టిన మనిషి రేపు మెచ్చుకుంటుందన్న ఊహే బాగుంది.

మెచ్చుకుంది కూడా. "దీనికి రెక్కలొచ్చాయే!" అని అతని బల్ల మీద చెర్రీ కేకు ముక్క పెట్టి వెళ్లింది.

గురువారం పదిన్నరకి ఇలింకా పరీక్ష ముగిసింది. అంతా చేరిందని తెర మీద పడింది. యంత్రంలో చోటు తక్కువ. అందుకని చేరిందని చూసుకుని, యంత్రంలోని ప్రతిని చెరిపేయడం అక్కడి పద్ధతి. స్మరాండా చూసింది, చెరిపేసింది. మరుక్షణం కరెంటు పోయింది. సర్వర్ బ్యాటరీ ఆదుకోలేదు.

తిరిగి లేచిన సర్వర్‌లో ఆఖరి భాగం లేదు. అది లేకుండా ముందుదాన్ని విప్పి చదవడం కుదరదు.

పదకొండింటికి హొరాత్సియు సెట్టింగుల్లోని ఆ మాటని మళ్లీ మునుపటిలా మార్చేశాడు.

మధ్యాహ్నం లుపాష్కు అనే పెద్ద డాక్టరు ఇద్దర్నీ పిలిచాడు.

"చేరకుండానే చెరిపేశారా?" అని స్మరాండాని అడిగాడు.

"చేరిందని చూశానండీ. నా కళ్లతో."

లుపాష్కు హొరాత్సియు వైపు తిరిగాడు. "రాయకుండానే రాశానంటుందా నీ సర్వర్?"

నిజం చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి తీసుకున్నాడు కూడా.

"లేదు సార్. డిస్కు మీద పడ్డాకే చెబుతుంది. కావాలంటే ఇప్పుడే చూపిస్తాను."

ఆ పూటకి అది నిజం.

స్మరాండా, చెరిపేసిన తన కుడిచేతిని పరాయివాళ్ల చేతిలా చూసుకుంది. "చూశాననే అనుకున్నాను... రోజూ చూసేదే కదా. నిన్నటిది గుర్తుండి ఇవాళ్టిదనుకున్నానేమో." తప్పు తనదేనన్న కాగితం మీద సంతకం పెట్టింది.

వరండాలో అతని భుజం తట్టింది. "నువ్వేం చేస్తావులే, పాపం. నాకు వయసొచ్చింది." ఫోను తీసింది. "మళ్లీ తల తెరవాలని పిల్ల తల్లికి నేనే చెప్పాలట. కళ్లు మసకగా ఉన్నాయి, ఆ నంబరు కాస్త చదువు బాబూ."

అతను చదివాడు. అవతల ఫోను మోగడం అతనికీ వినబడింది.