చదవడానికి వీలుగా

చిందరవందరగా ఉన్నది ఏదైనా కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. గుమ్మం దగ్గర చెప్పులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నా అంతే, కంప్యూటర్లో ఫైలు గజిబిజిగా ఉన్నా అంతే. ఈ గుణాన్ని నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి మొహం చెల్లడం లేదు.

ఆసుపత్రిలో నేను ప్రోగ్రామర్ని. రోజూ పొద్దున్నే నా ప్రోగ్రాం ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు తయారుచేసి కిచెన్‌కి పంపుతుంది. ఏ బెడ్డు మీద ఎవరున్నారు, వాళ్ళకి ఏ భోజనం వెళ్ళాలి అన్నది అందులో ఉంటుంది. అక్కడి పాత ప్రింటరు దాన్ని చదువుకుని ఒక్కో ట్రేకి ఒక్కో చీటీ కొడుతుంది. ఆ చీటీలు చూసి ట్రేలు పంపించే కిచెన్ సూపర్‌వైజరు మా వదినే. నేనుండేది అన్నయ్యా వదినల ఇంట్లో. ఈ ఉద్యోగం ఖాళీగా ఉందని మొదట నా చెవిన వేసింది కూడా ఆవిడే.

ఆ ఫైలు మొత్తం ఒకే ఒక్క వరసలో ఉండేది. మూడొందల మంది రోగులు, మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకునే చోటు లేకుండా. మెషీన్‌కి అదేం ఇబ్బంది కాదు, నాకే కంటగింపు. ఎవరైనా అడిగారా? లేదు. ఎవరికైనా కావాలా? అక్కర్లేదు. అయినా మంగళవారం మధ్యాహ్నం పనిగట్టుకుని కూర్చుని, చదవడానికి వీలుగా ఒక్కో రోగిని ఒక్కో వరసలో పెట్టించాను. వరస మరీ పొడుగైతే ఎనభై అక్షరాల దగ్గర, మాటకీ మాటకీ మధ్య విరిచి కిందికి దించమన్నాను. పది మంది పేర్లతో పరీక్ష చేశాను. నా ఖర్మకి పదీ పొట్టి పేర్లే. తెర మీద ముత్యాల్లా కనిపించింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

బుధ, గురువారాలు మూడో అంతస్తులో గుండె జబ్బు పెద్దాయనకి ఉప్పేసిన భోజనం వెళ్ళింది. ‘ఇన్నాళ్ళకి నోటికి రుచి తగిలింది’ అని ఆయన వడ్డించినామెని దీవించాడట కూడా. గురువారం సాయంత్రానికి కాళ్ళు వాచి, ఊపిరాడక, ఐసీయూకి పరిగెత్తించారు. దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది.

శుక్రవారం విచారణ. చీటీలు ఏ రోజువి ఆ రోజే చెత్తబుట్టలోకి పోతాయి కాబట్టి మిగిలిన సాక్ష్యం నా ఫైలు ఒక్కటే. అచ్చు తీసి పట్టుకెళ్ళాను. సూపరింటెండెంటు గారు చూసి మురిసిపోయారు.

“అబ్బ, ఎంత శుభ్రంగా ఉందమ్మా! నాలాంటివాడికి కూడా అర్థమవుతోంది. ఇదిగో, ఉప్పు లేకుండా అని రాసే ఉంది.” వదిన వైపు తిరిగారు. “ఇంత స్పష్టంగా ఉంటే మీరెలా పొరపడ్డారండీ?”

“చీటీ మీద మామూలు భోజనం అనే చూసినట్టు గుర్తండీ,” అంది వదిన. మళ్ళీ తనే, “ఏమో సార్. ఒట్టేసి చెప్పలేను,” అంది.

ఆయన కాగితం నా వైపు జరిపారు. అప్పుడు చూశాను. ఆ పెద్దాయనకి ఇంటిపేరు, తాతపేరు, అమ్మమ్మ ముద్దుగా పెట్టిన పేరు, అన్నీ కలిపి బారెడు పేరు. ఆయన వరస ఎనభై అక్షరాలు దాటిపోయింది. ‘ఉప్పు’ పైన ఉండిపోయింది, ‘లేకుండా’ కిందికి దిగింది. మనిషి కంటికి అదేం తేడా కాదు. ప్రింటరుకి మాత్రం ఆ రెండు మాటలూ ఒకే వరసలో పక్కపక్కన ఉంటేనే తెలుస్తుంది. తెలియని దానికల్లా ‘మామూలు భోజనం’ అని కొట్టేస్తుంది. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

నోరు తెరిచి ఒక్క మాట చెబితే చాలు. తెరిచాను కూడా.

“స్పష్టంగానే ఉంది సార్,” అన్నాను.

ఛీ! అన్నది నేనే.

సోమవారంలోగా తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసిస్తే వదినని గిన్నెలు కడిగే సెక్షన్‌కి మారుస్తామన్నారు. లేదంటే ఇంటికే పొమ్మన్నారు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు ఆవిడది. నేను సీటుకి తిరిగొచ్చి, ఎవరికీ చెప్పకుండా ఆ విరుపు తీసేశాను.

ఇంట్లో తేలు కుట్టిన దొంగలా తిరిగాను. శనివారం అన్నయ్య, “ఏంటే, మొహం అలా పెట్టావు? మీ వదిన గురించి బెంగా?” అంటే తలూపాను. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆదివారం పొద్దున వదిన నా గదిలోకి వచ్చింది. చేతిలో కాగితం, ముక్కు మీద కొత్త కళ్ళద్దాలు.

“ఇవెప్పుడు వదినా?”

“నిన్ననే. నీ కళ్ళకేం ఢోకా లేదమ్మా అంటాడా డాక్టరు. ఆయనకేం తెలుసు? బాగుంటే ‘ఉప్పు లేకుండా’ అన్నది నాకు ‘మామూలు’ అని ఎలా కనబడుతుందే? గొడవపడి మరీ రాయించుకున్నాను. పెట్టుకుంటే తల తిరుగుతోంది. అలవాటవుతుందిలే.”

కాగితం నా ముందు పెట్టింది. “ఇది కాస్త టైపు చేసిపెట్టవే. నా రాత కోడి గీకినట్టుంటుంది. నువ్వైతే వరసలు విడగొట్టి, చదవడానికి వీలుగా పెడతావు. సూపరింటెండెంటు గారు కూడా మెచ్చుకున్నారు కదా.”

‘నా కంటిచూపు మందగించినందువల్ల’ అని మొదలైంది ఉత్తరం. మూడు చోట్ల కొట్టేసి మళ్ళీ రాసుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. కంప్యూటరు తెరిచి ‘నా కంటిచూపు’ వరకు టైపు చేశాను. చెరిపేశాను.

“ఏమైందే? తప్పు రాశానా?”

“తప్పు నాది వదినా.”

అంతా చెప్పాను. బారెడు పేరు, విరిగిన వరస, ప్రింటరు. మీటింగులో కూర్చున్నప్పుడే నాకు తెలుసని కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు ఆవిడ మొహం వైపు చూడలేకపోయాను.

“అంటే చీటీ మీద మామూలు అనే ఉందా?”

“ఉంది.”

“నేను సరిగ్గానే చదివానా?”

“సరిగ్గానే చదివావు వదినా.”

తిడుతుందనుకున్నాను. చెంప పగలగొట్టినా బాగుండేది. ఆవిడ కళ్ళద్దాలు తీసి కీబోర్డు పక్కన పెట్టింది. ముక్కుకి రెండు పక్కలా ఎర్రగా ఒత్తుకుపోయి ఉంది.

“మూడు రోజులుగా నా కళ్ళని నేనే నమ్మట్లేదే,” అంది. “స్టవ్ ఆపానో లేదో చూసి రమ్మని మీ అన్నయ్యని లేపి పంపుతున్నాను.”

“వదినా, నన్ను...”

“ఏడుపులు తర్వాత. ఉత్తరం రాయి. నీ ఉత్తరం.”

రాశాను. ఆవిడ నా వెనక నిలబడి, అద్దాలు లేకుండా, ఒక్కో మాటా పైకి చదువుతూ వచ్చింది. ఎక్కడా తడబడలేదు. ‘స్పష్టంగానే ఉంది సార్ అని అబద్ధమాడాను’ అన్న చోట ఆగింది.

“ఇది కూడా పెట్టావా?”

“పెట్టాను.”

“ఉంచు,” అంది.