వేరు పట్టకముందే

...అయినా గడ్డికేం తెలుసు? నీళ్ళు పోస్తే పచ్చబడుతుంది. కింద ఏముందని అడగదు. అడగాల్సింది తను. ఎండిపోనీ, మాడి చావనీ అనుకుంటూనే రోజూ సాయంత్రం ఈ దిబ్బకు నీళ్ళు పెట్టింది. మనసు పగబట్టినా చేతులు మాత్రం కూలికి అలవాటుపడ్డవి. ఆ చేతుల మీదే ఆమెకు ఎక్కువ కోపం.

పార్కు కోసం పోస్తున్న ఈ దిబ్బ కూలిన రోజు తోడికోడలు అడుగున ఉంది. "అక్కా, ఓ చెయ్యి వెయ్యి" అంది, మట్టితట్ట నెత్తికెత్తమని. తను వంగేలోపు మన్ను దిగిపోయింది. శవాన్ని తీశారు. తట్ట లోపలే ఉండిపోయింది. కాంట్రాక్టరు వెతకనివ్వలేదు. పైన ఇంకాస్త మట్టి పోయించి, మన్నుతో సహా కోసి తెచ్చిన గడ్డి పలకలు పరిపించాడు. "అది మా కూలీ కాదు. పుల్లలేరుకోడానికొచ్చి చచ్చింది" అని ఆఫీసరుతో చెప్పాడు. ఆఫీసరు తలూపాడు.

నిన్న సాయంత్రం రేకుల షెడ్డులో అందరూ కూడారు.

"పుల్లలేరుకునేదానికి ఎర్రగీత తట్ట ఎవడిచ్చాడ్రా?" అన్నాడు పొట్టి మామ. పనివాళ్ళ తట్టలన్నిటికీ ఎర్రరంగు గీత ఉంటుంది. "తవ్వి తీద్దాం. రేపు పార్కు తెరవడానికొచ్చే మంత్రి ముందే తీద్దాం."

"మంత్రి ముందా! రేపట్నించి నీకు పనెవడిస్తాడు, మీ తాతా?" అన్నాడు మేస్త్రీ.

"మా తాత కాదు, మా అమ్మ. పాత పార్కు చెరువు కరువుపనిలో తవ్వింది. గట్టు విరిగి పోయినోళ్ళ పేర్లు ఎక్కడన్నా చదివావా? వాళ్ళ మీద పడవలు తిరుగుతున్నాయి. రిబ్బను కత్తెర పట్టినోడికి పేరు చెక్కిన రాయి, పార పట్టినోడికి మన్ను!"

అందరూ ఆమె వైపు చూశారు.

"గడ్డి ఇంకా వేరు పట్టలేదుగా వదినా? చాపలా చుట్టెయ్యొచ్చు కదా?" అంది ఒకావిడ.

వాళ్ళంతా న్యాయం అంటున్నారు. తన లోపల ఉన్నది న్యాయం కాదు. ఆ తెల్లచొక్కా కాంట్రాక్టరు నోట్లో ఈ మన్ను కుక్కాలి, వాడు మింగుతుంటే చూడాలి. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందంటే ఆమెకే భయం వేసింది.

ఇప్పుడు పార్కు గేటు బయట నిలబెట్టారు అందరినీ. "పనైపోయింది, పొండి" అన్నాడు కాపలావాడు. మొదట పొట్టి మామ తోసుకుని లోపలికి నడిచాడు. వెనక పారలు, వాటి వెనక ఆడవాళ్ళు. చివరికి, తల వంచుకుని, మేస్త్రీ. దిబ్బ చుట్టూ వలయంగా నిలబడ్డారు. పోలీసులు లాఠీలతో ఉరికొస్తున్నారు. మంత్రి కారు దిగుతున్నాడు.

కాంట్రాక్టరు పరుగున వచ్చి నవ్వు తెచ్చుకున్నాడు. "ఏంటమ్మా ఇది? వీళ్ళకి నువ్వన్నా చెప్పు. ఎంత బాగా పెంచావు, చూడు, ఎంత పచ్చగా ఉందో!"

ఆమె గొంతుక్కూర్చుంది. పలకల మధ్య సందులో చేతులు దూర్చి లాగింది. రాలేదు. తను పోసిన నీళ్ళకి అప్పుడే వేర్లు దిగుతున్నాయి. మళ్ళీ లాగింది. సన్నగా, బట్ట చిరిగినట్టు, ఎక్కడో లోపల చప్పుడైంది.

తల తిప్పకుండానే అంది:

"ఓ చెయ్యి వెయ్యండి."