పసుపు పెట్టిన పిస్తోలు

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. తప్పులు ఉంటే మన్నించండి. ఇంత చిన్న కథ రాయడానికి నాకు నెల పట్టింది. నేను అని రాయబోతే చెయ్యి సాగలేదు, అందుకే ఆమె అని రాశాను.

గిద్దలూరులో మిరపకాయల వ్యాపారం చేసే నాగభూషణరావుకు ఒక పిస్తోలు ఉండేది. ఊరు కర్నూలు జిల్లాలో ఉన్నన్నాళ్ళూ రాని లైసెన్సు, ప్రకాశం జిల్లా ఏర్పడి కాగితాలు ఒంగోలుకు మారాక వచ్చింది. సరుకు కోసం పుల్లలచెరువు వైపు అడవి దారుల్లో తిరుగుతాడని ఇచ్చారు. పద్దెనిమిదేళ్ళలో దానితో ఒక్క తూటా పేల్చలేదు. కానీ రోజూ పొద్దున దుకాణం తెరవగానే తూటాలు తీసి బల్ల మీద పెట్టి, ఉత్త పిస్తోలును గోడకు గురిపెట్టి మూడుసార్లు నొక్కేవాడు. ఆ చప్పుడు విన్నాకే కాఫీ గ్లాసు అందుకునేవాడు.

భార్య రమణమ్మకు దానితో ఏడాదికి ఒక్క రోజే పని. దసరాకు తక్కెడ, తూకపు రాళ్ళు పూజలో పెట్టేటప్పుడు పిస్తోలుకు కూడా ఆముదంలో కలిపిన పసుపు పూసి బొట్టు పెట్టేది.

ఒక ఏడు వానాకాలంలో భార్యాభర్తలిద్దరూ పోయి దాన్ని మార్కాపురంలో కరుణాకరానికి చూపించారు. ఆయన పోలీసు లైన్లలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. విప్పి చూసి, స్ప్రింగు మెత్తబడింది, తూటాను కొట్టే పిన్ను కొన అరిగింది, రెండూ ఇప్పుడే మార్పించుకోమన్నాడు.

నాగభూషణరావు నవ్వాడు. "గిరాకీ లేక నా దాని మీద పడినావా కరుణాకరం? పేల్చనిదానికి అరుగుడేంది?"

"పేల్చకపోతే ఏంది శెట్టిగారూ? దినామూ ఉత్తదే నొక్కుతావుండావు గదా. నీ జీపుకు బ్రేకు తెగినాకనే మార్పిస్తావా?"

మిరపకాయల కాలం దాటాక చూద్దామని నాగభూషణరావు లేచాడు. కరుణాకరం లోపల పేరుకున్న పచ్చటి జిడ్డును కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ రమణమ్మకు చూపించాడు. బొట్టు పైన పెట్టుకోమ్మా, నూనె మాత్రం లోపలికి పోనీయొద్దు, గడ్డకడుతుంది అన్నాడు. ఆమె తలూపింది.

ఆ దసరాకు చెప్పినట్టే బొట్టు ఒక్కటే పెట్టింది. పెట్టి వెనక్కి జరిగి చూసింది. తక్కెడకు పసుపు, రాళ్ళకు పసుపు. మధ్యలో పిస్తోలు ఒక్కటే, ముత్తయిదువల వరసలో పసుపు లేకుండా కూర్చున్న మనిషిలా ఉంది. మళ్ళీ ఆముదం తెచ్చి, పసుపు కలిపి, ఏ సందూ వదలకుండా పూసింది. ఎవరికీ చెప్పలేదు. పూజ అయ్యాక నాగభూషణరావు పైపైన తుడుచుకుని సొరుగులో పెట్టుకున్నాడు. పొద్దున చప్పుడు ఎప్పటిలాగే వచ్చింది.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం జీపు డ్రైవరు ఏబేలు ఒక్కడే ఇంటికొచ్చాడు. చొక్కా నిండా రక్తం, అతనిది కాదు. పుల్లలచెరువు దాటాక మలుపులో ఇద్దరు దారికి అడ్డంగా మొద్దు వేసి డబ్బు సంచి అడిగారట. ఇచ్చేద్దామని ఏబేలు అంటుండగానే నాగభూషణరావు పిస్తోలు తీశాడట.

"మూడుసార్లు నొక్కినాడమ్మా. చప్పుడొచ్చింది, తూటా పేల్లేదు. సంచి ఇచ్చుంటే పోయేటోళ్ళే. అది చూసినాకనే కత్తి తీసినారు."

పోలీసులు పిస్తోలును కరుణాకరం చేతనే పరీక్ష చేయించి కాగితం రాయించారు. నకలు తీసుకోవడానికి రమణమ్మ స్టేషనుకు పోయింది. ఆ కాగితంలో ఏముందో ఆమెకు తెలియదు. అక్కడే ఉన్న కరుణాకరాన్ని ఒక్కటే అడిగింది.

"నేను పెట్టిన పసుపా అన్నా?"

ఆయన కాగితాన్ని మడిచాడు. "స్ప్రింగమ్మా. నేను ముందే చెప్పినా, ఆయన వినలేదు."

ఆమె వేలిముద్ర వేసి, నకలు తీసుకుని వచ్చింది.

ఆ తర్వాత పన్నెండేళ్ళు రోజూ దీపం పెడుతూ భర్త ఫోటోను తిట్టేది. మొండి మనిషివి, ఇంత స్ప్రింగు ముక్క మార్పించుకోలేక నన్ను ఇట్ల చేసి పోయినావు అనేది. తిట్టినందుకు కాస్త తేలికయ్యేది, ఆ తేలికతోనే మధ్యాహ్నం దాకా గడిచేది.

వీధిలో పద్మమ్మ పెద్దవాళ్ళకు చదువు చెప్పడం మొదలుపెడితే రమణమ్మ కూడా పలక పట్టింది. మొదట బస్సుల మీద రాచర్ల, మార్కాపురం అని కూడబలుక్కుంది. ఒకరోజు పెట్టె అడుగు నుంచి ఆ కాగితం తీసి గడప దగ్గర వెలుతురులో కూర్చుంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివేసరికి సాయంత్రమైంది.

"స్ప్రింగు బలము తగ్గియున్నది. లోపల ఆముదము, పసుపు గడ్డకట్టియున్నవి. కొత్త స్ప్రింగు ఉన్నచో గడ్డను తోసుకొని పేలియుండును. గడ్డ లేనిచో పాత స్ప్రింగైనను సరిపోయియుండును."

చివరి మాట మీద వేలు అలాగే ఉండిపోయింది. వెళ్ళి అడుగుదామన్నా కరుణాకరం అప్పటికే పోయాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. రెంటిలో ఒకటి చెప్పి, రెండోది కాగితంలోనే ఉంచాడు.

మర్నాడు పొద్దున దీపం వెలిగించింది. అలవాటుగా మొండి మనిషివి అని నోటిదాకా వచ్చింది, మిగతాది రాలేదు. ఆయనతో ఇంకేం మాట్లాడాలో ఆమెకు తెలియలేదు. వత్తి కొడిగట్టేదాకా ఫోటో ముందు అలాగే నిలబడింది.

కె. రమణమ్మ
అరవై ఎనిమిదేళ్ళు
ఇప్పుడు ఉండేది రాచర్లలో